మైనస్ గుర్తూ, మా వదినగారి గాజులూ

అక్టోబరు 21, ఉదయం

నిర్ణయం తీసుకున్నాను. మా అమ్మాయి శాంభవి సీమంతానికి ఒక్క ఇంటికి కూడా మెట్లెక్కి వెళ్ళి బొట్టు పెట్టి పిలవను. ఫోనులో పిలవను. చేత్తో ఒక్క ఉత్తరం కూడా రాయను. పిలుపులన్నీ మాక్రోతోనే.

కారణాలు:

మోకాలు. ఎడమది. కుడిది కూడా ఆలోచిస్తోంది.

గొంతు. అమ్మాయి పెళ్ళి పిలుపులప్పుడు పోయింది, ఇప్పటికీ పూర్తిగా తిరిగి రాలేదు.

గౌరవం. ఆడపిల్లల కాలేజీలో జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. ఒకే వాక్యాన్ని అరవై ఇళ్ళకు వెళ్ళి అరవైసార్లు చెప్పడం నా చదువుకే అవమానం. సూత్రం ఒక్కసారి రాస్తాం, విలువలు మారుస్తాం, అంతే.

మాక్రో అంటే ఏమిటో శాంభవే చెప్పింది. పురిటికి వచ్చి, ఇక్కడ గవర్నర్‌పేటలో మా వాటాలో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పని చేస్తోంది. వాళ్ళ ఆఫీసులో ఒకే ఉత్తరం లక్షమందికి ఎవరి పేరుతో వాళ్ళకు పోతుందట. నమూనా ఒకటి రాసి, పేరు రావలసిన చోట ఫ్లవర్ బ్రాకెట్లు పెడతారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ముక్కను విడిగా రాసి దానికొక పేరు పెడతారు. అదే మాక్రో. ఆ పేరు పెట్టి పిలిస్తే ముక్కంతా వచ్చి కూర్చుంటుంది.

"పిలిస్తే వచ్చేది ఈ ఇంట్లో అదొక్కటే," అన్నారు ఈయన పేపరు వెనకాల నుంచి.

సీమంతం నవంబరు 9, ఆదివారం. కావలసినంత టైముంది.

అదే రోజు, సాయంత్రం

శాంభవి నా పక్కన చేరి మెల్లగా అంది, "అమ్మా, నాకు మొదటి గాజు అత్తయ్య తొడగాలి."

అత్తయ్య అంటే మా వదినగారు బాలసరస్వతి, ఈయన అక్కగారు. కూచిపూడిలో ఉంటారు. పిల్లలు లేరు. శాంభవి వేసవి సెలవులన్నీ ఆవిడ దగ్గరే గడిచాయి. తలంట్లు, జడలు, జ్వరాలు అన్నీ ఆవిడే చూశారు. అన్నయ్యగారు పోయినప్పటి నుంచి శుభకార్యాలకు వస్తారు గానీ ముందుకు రారు. వంటవాళ్ళ దగ్గర కుర్చీ వేయించుకుంటారు. అమ్మాయి పెళ్ళిలో తలంబ్రాలప్పుడు ఈయన స్వయంగా వెళ్ళి పిలిచినా, "ఇక్కణ్ణుంచి బాగానే కనపడుతోందిరా విశ్వం, నువ్వెళ్ళు," అన్నారట.

"చూద్దాంలే," అన్నాను. ఆ మాటకు అర్థమేమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అక్టోబరు 22

వచ్చేసింది! నా మొదటి మాక్రో. ఇవ్వవలసినవి మూడే: పేరు, వరస, ఊరు. మీట నొక్కాను. రెండు సార్లు కన్నార్పేలోపు అరవై ఉత్తరాలు. ఎవరి పేరు వాళ్ళకు, ఎవరి వరస వాళ్ళకు. పిన్నిగారు, బాబాయిగారు, అన్నయ్యగారు.

ఇంట్లో పనిచేసే ఆదెమ్మను పిలిచి తెర చూపించాను.

"అయితే ఈసారి మీరు తిరగరా అమ్మగారూ?"

"తిరగను."

"మరి వాళ్ళొస్తారా?" అని చీపురు తీసుకుని వెళ్ళిపోయింది. ఆధునిక విజ్ఞానం మీద ఆదెమ్మకు మొదటి నుంచీ నమ్మకం లేదు.

సంబరంగా టీ పెట్టుకున్నాను. షుగరు సంగతి ఇవాళ్టికి పక్కన పెట్టాను.

అక్టోబరు 23

ప్రింటు తీశాం. కాగితంలో పై సగం తెల్లగా ఉంది. ఉత్తరం నడుము దగ్గర మొదలైంది. మధ్యమధ్య కూడా ఖాళీలే, పళ్ళూడిన నోరులా.

శాంభవి విడమరిచి చెప్పింది. "నువ్వు కంప్యూటరుకి ఇచ్చే ఆర్డర్లు కాగితం మీదకి రావమ్మా. కానీ ఒక్కో ఆర్డరు చివర నువ్వు ఎంటర్ కొట్టావు చూడు, అవి వచ్చేస్తాయి. అందుకే ఖాళీ వరసలు."

"మరి పోవాలంటే?"

"బ్రాకెట్ పక్కన మైనస్ పెట్టు. పెట్టినవైపు ఉన్న ఖాళీని తినేస్తుంది."

నాకు మైనస్ నేర్పుతోంది నా కూతురు. నా దగ్గర మైనస్ నేర్చుకున్నవాళ్ళు ఇవాళ బ్యాంకు మేనేజర్లు. అయినా కోపం రాలేదు. చాలా చక్కటి ఏర్పాటు. రేపటితో పని పూర్తి.

అక్టోబరు 24

అన్నిచోట్లా మైనస్ పెట్టాను. పెట్టేటప్పుడు పిసినారితనం ఎందుకని రెండువైపులా పెట్టాను.

ఫలితం: "కొండపల్లిరత్తయ్యఅన్నయ్యగారికినమస్కారాలు."

ఈయన ఒక్క ఊపిరిలో చదివి, "ఇది పిలుపా, దండకమా?" అన్నారు.

రత్తయ్యగారు ఈయనతో పాటు కొండపల్లి దగ్గర థర్మల్ స్టేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, ఎవరో అడిగే ఉంటారు, టర్బైను చప్పుడులో వినపడలేదంటారు.

కొన్ని మైనస్‌లు తీసేశాను. అవసరమైనవి కూడా పోయాయి. మళ్ళీ పెట్టాను. మోకాలు నొప్పి తగ్గింది, మెడనొప్పి వచ్చింది. మెట్లెక్కడం కంటే ఇదే నయమని రాసిపెట్టుకుంటున్నాను, తర్వాత మనసు మార్చుకోకుండా.

అక్టోబరు 26

ఉత్తరంలో ప్రాణమంతా ఉన్న వాక్యం ఇది: "మీ చేతులతో మా అమ్మాయికి గాజులు తొడిగి ఆశీర్వదించాలి."

అరవై ఇళ్ళలో రెండు ఇళ్ళకు ఇది కుదరదు. ఒకటి రత్తయ్యగారిది, ఆ ఇంట్లో ఆడవాళ్ళు లేరు. రెండోది వదినగారిది. అందుకని ఆ వాక్యం చుట్టూ ఒక ఇఫ్, అంటే షరతు, పెట్టాను. ఆ రెండు పేర్లు వస్తే వాక్యం రాదు. "తప్పక రావాలి, భోజనం చేసి వెళ్ళాలి" అన్న తక్కిన రెండు వాక్యాలూ మామూలే.

శాంభవి నా భుజం మీదుగా చూసింది. "అత్తయ్యకెందుకు తీసేశావు?"

"ఆవిడే ఇబ్బంది పడతారే."

"ఆవిడ పడుతుందా, నువ్వు పడతావా?"

"నలుగురూ వస్తారు. ఎవరో ఒకరు మొహం మీదే అంటే? అప్పుడు బాధపడేది ఆవిడే కదా."

"నేను అడుగుతున్నది నా గాజుల సంగతమ్మా. నలుగురి గాజులు కాదు."

కుక్కరు చూడాలని లేచాను. కుక్కరు అప్పటికే దించేసి ఉంది. అమ్మాయి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. మధ్యాహ్నం పెరుగన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకు బాధగానే ఉంది, కానీ నేను చేసింది తప్పని మాత్రం ఇప్పటికీ అనిపించడం లేదు.

అక్టోబరు 27

వదినగారి ఉత్తరంలో వాక్యం పోయింది. దాని చోటు పోలేదు. సరిగ్గా మధ్యలో తెల్లటి ఖాళీ. ఎవరు చూసినా తెలిసిపోతుంది, ఇక్కడ ఏదో ఉండేదని, మన పేరు చూసి తీసేశారని.

పైన మైనస్ పెట్టాను. తగ్గలేదు. కింద పెట్టాను. తక్కిన రెండు వాక్యాలూ అతుక్కుని "తప్పక రావాలిభోజనం చేసి" అయింది. వదినగారు ఆ ఉత్తరం పట్టుకుని ఏం అనుకుంటారో అని ఒక్క క్షణం ఊహించుకున్నాను. అక్కడితో ఆపేశాను.

శాంభవిని అడగవచ్చు. అడగను. నిన్నటి నుంచి మేమిద్దరం ఉప్పు అందించమని మాత్రమే మాట్లాడుకుంటున్నాం.

అక్టోబరు 28

విసుగొచ్చింది. అసలు తప్పు ఇఫ్‌లో ఉందా మాక్రోలో ఉందా తేల్చుకుందామని ఇఫ్ మొత్తం ఎత్తేశాను. మైనస్‌లు సరిచేశాను. నొక్కాను.

అద్భుతం. ఒక్క ఖాళీ లేదు, ఒక్క అతుకు లేదు. ఏ ఉత్తరం చూసినా అచ్చు పోసినట్టుంది. ఆనందంలో చప్పట్లు కొట్టాను. ఇది మళ్ళీ చెడిపోయేలోపు ప్రింటు తీయించాలని ఈయన్ని వీధి చివర జిరాక్సు షాపుకు తరిమాను. అటునుంచి అటే కవర్లలో పెట్టి పోస్టులో వేసి వచ్చారు.

ముందే సిద్ధం చేసి ఇచ్చిన కవర్లలో రెండింటి మీద ఊరి పేరు పడకపోతే పెన్నుతో రాశానని ఒప్పుకుంటున్నాను. ఉత్తరం చేత్తో రాయనన్నాను. కవరు మీద రాయనని ఎక్కడా అనలేదు.

అక్టోబరు 30

పక్కవాటా శివపార్వతి ఉత్తరం పట్టుకుని వచ్చింది.

"గోడ అవతల ఉన్నదాన్ని పోస్టులో పిలుస్తావా జ్ఞానేశ్వరీ?"

"కొత్త పద్ధతి శివపార్వతీ."

"పద్ధతి సరేలే. నువ్వు నిజంగా పిలిచినట్టా, అందరికీ పంపింది నాకూ వచ్చినట్టా?"

కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెట్టాను. నిర్ణయానికి భంగం రాలేదు. నేను ఎవరింటికీ వెళ్ళలేదు, ఆవిడే వచ్చింది.

అక్టోబరు 31

ఫోన్లు. పొద్దున్నించీ ఫోన్లే. "ఉత్తరం వచ్చింది గానీ, మీరు ఫోను చెయ్యలేదేమిటా అని..." ఇదే మాట తెనాలి నుంచి, ఏలూరు నుంచి, గుడివాడ నుంచి. ఒక్కొక్కరు అరగంట. అల్లుడు శ్రీచరణ్ వాళ్ళ పిన్నిగారైతే తన తొలి కాన్పు కథ మొత్తం చెప్పారు.

వాళ్ళు చేస్తే నేను మాట్లాడటం పిలవడం కిందికి రాదు. మర్యాద కిందికి వస్తుంది.

గొంతు పోయింది.

నవంబరు 1

రత్తయ్యగారి ఫోను. చాలాసేపు దగ్గారు, సకిలించారు.

"అమ్మా, మీరు పిలిచారు, సంతోషం. తప్పకుండా వస్తా. కానీ గాజులు తొడగమని రాశారు చూడండి... నాకు అలవాటు లేదు. ఎన్ని తేవాలి? సైజేంటి?"

నవ్వాగలేదు. ఈయనకు చెప్పి ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. గదిలోంచి శాంభవి కూడా వచ్చి నవ్వింది, ఇన్ని రోజుల తర్వాత.

నవ్వు మధ్యలో గుర్తొచ్చింది. రత్తయ్యగారికి ఆ వాక్యం ఎలా వెళ్ళింది? ఇఫ్ ఏదీ? పరీక్ష కోసమని ఎత్తేసినదాన్ని తిరిగి పెట్టలేదు.

అంటే వదినగారికి కూడా వెళ్ళింది.

సాయంత్రం

ఫోను తీశాను, పెట్టేశాను. ఏమని చెప్పను? "వదినగారూ, ఆ వాక్యం మీకు కాదు" అనా? అంతకంటే అసహ్యమైన మాట ఈ భూమ్మీద ఉందా? చెప్పకపోతే, ఆవిడ దాన్ని ఎగతాళి అనుకుంటే? అసలు రాకుండా మానేస్తే? శాంభవి నా మొహం చూస్తుందా?

రేపు వెళ్తున్నాను. స్వయంగా. మోకాలు దాని గొడవ అది పడుతుంది.

నవంబరు 2

నిర్ణయం ముగిసింది. కుంకుమ భరిణె, పళ్ళు, జాకెట్టు ముక్క పట్టుకుని, కారు మాట్లాడుకుని బయల్దేరాను. ఉయ్యూరు దాటేదాకా ఏం చెప్పాలో కంఠస్థం చేశాను. పామర్రులో కాఫీ తాగేసరికి మరిచిపోయాను.

వదినగారు వాకిట్లోనే ఉన్నారు. పక్కింట్లో ఎవరో పిల్లలకు నాట్యం చెబుతున్నారు, కర్ర తాళం టక్‌టక్ మని వినిపిస్తోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

"మోకాళ్ళ నొప్పులన్నావుగా, ఎందుకొచ్చావే ఇంత దూరం? ఉత్తరం అందిందిలే." కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఎదురుగా కూర్చున్నారు. "అది నువ్వే రాశావా జ్ఞానేశ్వరీ?"

"నేనే రాశానండి."

ఇది అబద్ధం కాదు. నిజమని కూడా అనలేను.

ఆవిడ నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుని పక్కన పెడుతూ అన్నారు, "పిలుపులకేం, వస్తూనే ఉంటాయి. తప్పకుండా రావాలి అంటారు, మీరు పెద్దవాళ్ళు అంటారు, భోజనం అంటారు. నీ చేత్తో ఫలానాది చెయ్యమని మాత్రం మీ అన్నయ్యగారు పోయాక ఎవళ్ళూ అనలా. నేనూ ఎవళ్ళనీ అడగలా. అడిగితే ఏం బావుంటుంది?"

లోపలికి వెళ్ళి కాగితం పొట్లం తెచ్చి విప్పారు. ఆకుపచ్చ మట్టిగాజులు.

"ఉత్తరం వచ్చిన రోజే తెప్పించా. ఏడో నెల కదా, చేతులు వాచి ఉంటాయని ఒక సైజు ఎక్కువే తీసుకురమ్మన్నా. సరిపోతాయంటావా?"

"సరిపోతాయండి," అన్నాను. కంఠస్థం చేసినది గుర్తు రానందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. నాకు సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. రెండూ ఒకేసారి వస్తే మొహం ఎలా పెట్టాలో తెలియక మంచినీళ్ళు మళ్ళీ అడిగాను.

ఇంటికొచ్చి ఈయనకు ఒక్కరికే చెప్పాను. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. శాంభవికి మాత్రం అత్తయ్య గాజులు తెస్తోందని చెప్పాను. అమ్మాయి నన్ను కావలించుకోబోయింది, పొట్ట అడ్డమొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం.

నవంబరు 5

ఊళ్ళో తక్కిన ఇళ్ళన్నీ చుట్టేశాను. ఎలాగూ నిర్ణయం పోయింది, మోకాలు ఎలాగూ పోయింది. ప్రతి ఇంట్లోనూ ఆ ఉత్తరం ఫ్రిజ్ మీద ఉంది. అందరూ ఒకటే అన్నారు, ఎంత బాగా రాశారండీ అని. ఎవరికీ ఏమీ వివరించలేదు.

నవంబరు 9

సీమంతం అయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

వదినగారు నిన్న సాయంత్రమే దిగారు. ఇవాళ పట్టుచీర కట్టుకున్నారు. హాలులో నా వెనకాలే నడిచారు గానీ వంటవాళ్ళవైపు వెళ్ళలేదు. శాంభవి పీట పక్కనే కుర్చీలో కూర్చున్నారు. పళ్ళెంలో ఆకుపచ్చ గాజులు. అమ్మాయి చెయ్యి చాపింది. ఆవిడ మొదటి గాజు తీసుకున్నారు.

సరిగ్గా అప్పుడే రత్తయ్యగారు వచ్చారు, పేపరులో చుట్టిన డజను గాజులతో. ఆయన మెల్లగా మాట్లాడితే పక్క వీధికి వినిపిస్తుంది.

"చూశావా విశ్వేశ్వర్, నన్ను కూడా గాజులు తొడగమని ఉత్తరం రాశారు మీ ఆవిడ. కంప్యూటర్లో ఏదో పొరపాటు జరిగి అందరికీ ఒకటే వెళ్ళిపోయిందంటగా."

ఆ కంప్యూటరు సంగతి ఆయనకు ఈయనే చెప్పారు. ఈయనతో తర్వాత మాట్లాడతాను.

అందరూ నవ్వారు. వదినగారు కూడా కొంచెం నవ్వారు. నావైపు చూశారు. ఆవిడకు అర్థమైపోయింది. చేతిలో గాజు పళ్ళెంలో పెట్టేసి లేచారు.

"వంటవాళ్ళు పెరుగు తెచ్చారో లేదో, చూసొస్తా."

శాంభవి చెయ్యి అలాగే చాపి ఉంది. అమ్మాయి అత్తయ్యను చూడటం లేదు. నన్ను చూస్తోంది.

నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"వదినగారూ, ఉత్తరంలో అది పొరపాటునే పడింది. నేను తీసెయ్యాలనే చూశానండి. నాకు చేతకాలా." అందరూ వింటున్నారు. విననీ అనుకున్నాను. "ఇప్పుడు నోటితో అడుగుతున్నా. అమ్మాయికి మొదటి గాజు మీరే తొడగాలి. మీరు తొడిగాకే మిగతావాళ్ళం."

ఆవిడ హాలంతా ఒకసారి చూశారు. ఎవరు ఏమంటారా అని నేనూ చూశాను. శివపార్వతి తన గాజుల పొట్లం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది.

"కానివ్వండి వదినగారూ," అంది. "పిల్ల చెయ్యి చాపుకుని ఎంతసేపుంటుంది?"

వదినగారు కూర్చున్నారు. గాజు తొడిగారు. సైజు కరెక్టుగా సరిపోయింది. తర్వాత రెండోది, మూడోది. నాలుగో గాజు దగ్గర ఆవిడకు చూపు ఆనలేదు, శాంభవే వేళ్ళు కలిపి లోపలికి తోసుకుంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను పన్నీరు బుడ్డి వెతికే నెపంతో బీరువా వెనక్కి వెళ్ళాను. ఆ హాలులో బీరువా చాలా చిన్నది, అందరికీ కనపడ్డాను.

రత్తయ్యగారిని కూడా శాంభవి వదల్లేదు. "మీరూ పిలిచినవాళ్ళే కదండీ," అని చెయ్యి చాపింది. ఆయన కరెంటు తీగ పట్టుకున్నట్టు గాజును రెండు వేళ్ళతో పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఒక్కటి తొడిగారు. హాలంతా చప్పట్లు.

భోజనాల్లో పెరుగు నిజంగానే తక్కువైంది.

జనవరి 24

మనవరాలు వచ్చేసింది. తల్లీ పిల్లా క్షేమం. పోలిక అత్తయ్యది అని శాంభవి, ముక్కు మాత్రం నాది అని నేను. బారసాల వచ్చే నెల.

నిర్ణయం తీసుకున్నాను. ఈసారి గట్టిగా. పిలుపులన్నీ మాక్రోతోనే. ఒక్క మెట్టు ఎక్కను. ఒక్క ఫోను చెయ్యను.

పాత ఫైలు తెరిచాను. ఇఫ్ లేదు, పెట్టను కూడా. వాక్యం మార్చాను: "మీ చేతులతో పాపను ఉయ్యాలలో వేసి ఆశీర్వదించాలి." అందరికీ ఇదే. రత్తయ్యగారికి కూడా, ఆయన ఇప్పటి నుంచే భయపడితే మంచిది. ఒక్క ఖాళీ వరస ఎక్కడి నుంచో వచ్చి మధ్యలో కూర్చుంది. ఎలా పోతుందో రేపు శాంభవిని అడుగుతాను, ఇప్పుడు నిద్రపోతోంది.

ఎవరినీ నోటితో పిలవను. వదినగారిని తప్ప. ఆవిణ్ణి కాగితంతో పిలిచి ఊరుకోవడం నావల్ల కాదు.

మోకాలికి తైలం రాసుకున్నాను. కూచిపూడి మీదుగా వెళ్ళే బస్సు పొద్దున ఎన్నింటికుందో కనుక్కోమని ఈయనకు చెప్పాను.